పెళ్లిచూపులకు ప్యాచ్ పెట్టుకుని పోయాను, ఇప్పుడు మొక్కు గుండు దాకా వచ్చింది

కొర్లగుంట కుర్రోడు:

అందరికీ నమస్తే. ఇంట్లో చెప్పుకునే దారి లేక ఇక్కడ రాస్తున్నా, రోంత పెద్దదైపోతే ఏమనుకోవద్దు. వయసు 31, ఊరు తిరుపతి, గాంధీరోడ్డులో ఒక బట్టల కొట్టులో లెక్కలు చూస్తాను. 24వ ఏటి నుంచే నెత్తిన జుట్టు రాలడం మొదలైంది. మా నాయనకూ అంతే, తాతకూ అంతే, మా ఇంట్లో మగవాళ్ల జుట్టు చూడాలంటే పాత ఆల్బమ్ తీయాల్సిందే. 28 వచ్చేసరికి పైన మైదానం, చుట్టూ కంచె మిగిలింది. మూడు సంబంధాలు ఫొటో దగ్గరే ఆగిపోయాయి. మూడోవాళ్లయితే మధ్యవర్తిని "పెళ్లికొడుకు ఫొటో అడిగితే వాళ్ల నాయనది పంపినారేంది" అని అడిగారంట. ఆయన మా ఇంటికొచ్చి ఆ మాట నవ్వుతా చెప్పాడు, మా అమ్మ కూడా నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

ఆ నెలలోనే చెన్నై పోయి హెయిర్ ప్యాచ్ పెట్టించుకున్నా. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇది పాతకాలం విగ్గులా టోపీ మాదిరి ఉండదు, పల్చటి పొర మీద జుట్టు కుట్టి ఉంటుంది, దాన్ని టేపుతోనో గమ్ముతోనో నెత్తికి అంటిస్తారు, మూడు నాలుగు వారాలకొకసారి తీసి, కడిగి, మళ్లీ అంటించాలి. పెట్టుకున్న మొదటి వారంలోనే లోకం తీరు అర్థమైపోయింది. అదే షాపు, అదే నేను, అదే చొక్కా. అంతకుముందు "ఏమయ్యా" అనే టీకొట్టాయన "ఏం సార్" అన్నాడు. బ్యాంకు కౌంటర్‌లో ఆమె తలెత్తి చూసి మాట్లాడింది. మా ఓనరైతే, మూడేళ్లుగా నేను మొత్తుకుంటున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఆ నెలలోనే సరే అన్నాడు. జుట్టుతో పాటు తెలివి కూడా అంటించారేమో అనుకున్నా.

ఆ జుట్టుతోనే చంద్రగిరి దగ్గర ఒక సంబంధం కుదిరింది. అమ్మాయి ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. చూపులనాడు మా ఇద్దరినీ మిద్దె మీదికి పంపితే తను మొదట అడిగిన మాట, "మీ జుట్టు ఇంత ఒత్తుగా ఉంది, ఏం నూనె రాస్తారు?" నోరు తడారిపోయింది, "మా అమ్మ కాస్తుంది, కరివేపాకు, మందారం వేసి" అనేశా. కిందికొచ్చి తను మా అమ్మను అడిగితే అమ్మ కూడా క్షణం తడుముకోకుండా "అవునమ్మా, నీకూ పంపిస్తాలే" అంది. అన్నట్టే రెండు సీసాలు కాచి పంపింది. సరే, అది వదిలేయండి, అసలు సంగతి వేరే.

పోయిన ఆదివారం తాంబూలాలు మార్చుకున్నాం. భోజనాల దగ్గర వాళ్ల అవ్వ చల్లగా ఒక మాట చెప్పింది. ఆ ఇంటికి వచ్చే అల్లుళ్లందరూ పెళ్లైన కొత్తలో కొండకు పోయి తలనీలాలు ఇవ్వాలంట, మూడు తరాల మొక్కంట. పెద్దల్లుడు ఫోన్ తీసి తన ఫొటో కూడా చూపించాడు, గుండు, నామం, పక్కన అత్తామామలు. నాకు అక్కడికక్కడే కల్యాణకట్ట కళ్లముందు కనబడింది. టోకెన్ తీసుకుని వరసలో కూర్చుంటాను, తల తడుపుతారు, కత్తి పెట్టగానే మొత్తం ఒకే ముక్కగా ఆయన చేతికి వస్తుంది, వెనక మామ, బావమరిది, వీడియో తీస్తా మరదలు. పెళ్లి మాఘమాసంలో. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

మా ఫ్రెండ్ ఏమంటాడంటే, సాక్షాత్తు స్వామే ఎరుకలసాని వేషం వేసుకుని నారాయణవనంలో ఆకాశరాజు ఇంటికి పోయి సంబంధం ఖాయం చేసుకున్నాడు, నువ్వెంత అని. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు, నాది ఒక్కటే కదా. అమ్మాయిలు మేకప్ వేసుకోవడం లేదా, ఫొటోలకు ఫిల్టర్లు పెట్టడం లేదా. చెప్తే సంబంధం పోతుందని భయం, చెప్పకపోతే కొండ మీద పరువు పోతుంది. ఏం చేయమంటారు? తిట్టేవాళ్లు తిట్టండి, కానీ దారి చెప్పి తిట్టండి.

లీలామహల్ సెంటర్:

దీనికింత టెన్షన్ ఎందుకు బ్రదర్. ఆ మొక్కు నీకు ఆపద కాదు, వరం. కొండకు పోయిన రోజు తెల్లవారుజామునే బాత్రూమ్‌లో ప్యాచ్ పీకెయ్, టోపీ పెట్టుకో, వాళ్లు లేవకముందే ఒక్కడివే పోయి ఆ కంచె కూడా గొరిగించుకుని గుండుతో తిరిగి రా. తర్వాత జుట్టు మొలవకపోతే "స్వామికి ఇచ్చేసింది మళ్లీ రాలేదు" అను. భక్తి అనుకుంటారు. ఎవరడుగుతారు?

కత్తెర మామ:

పై తమ్ముడి ఐడియాకు నవ్వొచ్చింది కానీ దాన్ని నమ్ముకోవద్దు. 22 ఏళ్లుగా సెలూన్ నడుపుతున్నా. గుండు కొట్టిన పది రోజులకు కంచె మొలుస్తుంది, మైదానం మెరుస్తుంది. అంతదాకా కూడా అక్కర్లేదు, అప్పుడే గీసిన గుండు మీదయినా కుదుళ్లు ఉన్నచోట నల్లటి నీడ ఉంటుంది, లేనిచోట అద్దమే. ఆ పిల్ల లెక్కల టీచరంటున్నావు, ఆ మాత్రం తేడా తీయలేదా.

ప్యాచ్‌లు నేనూ అంటిస్తాను, అందుకే చెప్తున్నా. మన ఊరి మే నెల ఎండకు చెమటపడితే టేపు అంచులు లేస్తాయి. అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కుదాం రమ్మంటే గాలిగోపురం చేరేలోపే నీ కత తెలిసిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాడొకడు పెళ్లై ఆరు నెలలైనా భార్యకు చెప్పలేదు. తలస్నానానికి తలుపు గడియ, పడుకునేటప్పుడు లైటు ఆర్పాకే గదిలోకి, నా దగ్గరికి సర్వీసుకు వచ్చే రోజు ఆఫీసు పని మీద రేణిగుంట పోతున్నానని చెప్పేవాడు. నెలనెలా అదే రేణిగుంట. ఆ అమ్మాయికి ఇంకేదో అనుమానం వచ్చింది, రాదా మరి. ఒకరోజు ఆటో మాట్లాడుకుని వెంటపడి వచ్చి, నా కుర్చీలో ప్యాచ్ తీసి కూర్చున్నవాణ్ణి అద్దంలో చూసింది. అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చింది. బట్టతల చూసి కాదు, ఇంకో ఆడమనిషి లేదని తెలిసి ఏడ్చింది. ఆరు నెలలు ఆ పిల్ల ఎంత నరకం పడిందో నాకు అప్పుడు తెలిసింది, ఆ తర్వాత పెళ్లికొడుకులు ఎవరొచ్చినా "ఇంట్లో తెలుసా" అని అడిగే అంటిస్తున్నా.

జుట్టు అతికించుకోవడం తప్పని నేననను, అది నా కూడు. స్వామి తల మీద దెబ్బ తగిలి రోంత చోట జుట్టు పోతే నీలాదేవి తన జుట్టు కోసి అతికించిందని కొండ మీద అందరూ చెప్పే కథే కదా, తలనీలాలు ఆమెకే చేరతాయంటారు. చూడు, అతికించిన సంగతి, ఇచ్చినామె పేరు, రెండూ లోకానికి తెలుసు.

రెండు జడలు:

ప్యాచ్ సంగతి అలా ఉంచండి అన్నా. మీరు "అది వదిలేయండి" అని దాటేశారే, ఆ నూనె సీసాల దగ్గరే నేను ఆగిపోయాను. తను రోజూ రాత్రి ఆ నూనె వేడి చేసుకుని తలకు పట్టించుకుంటూ ఉంటుంది. స్టాఫ్‌రూమ్‌లో "మా అత్తగారు కాచింది" అని చెప్పుకుని ఉంటుంది, పెళ్లి కుదిరిన అమ్మాయికి ఆ మాట అనడమే ఒక ముచ్చట. అప్పుడు మీ ఇంట్లో ఆ సీసా గురించి మీరూ మీ అమ్మగారూ ఏం మాట్లాడుకున్నారు? నవ్వుకున్నారా లేదా, నిజం చెప్పండి.

మేకప్‌తో పోల్చారు. గంగజాతరలో మగవాళ్లు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, నగలు వేసుకుని బజారంతా తిరుగుతారు, ఎవరైనా మోసం అంటారా? కట్టినవాడికీ తెలుసు, చూసినవాడికీ తెలుసు. మీ నూనె సంగతి ఇంట్లో ఇద్దరికి తెలుసు, తలకు రాసుకునే మనిషికి తెలియదు.

కొర్లగుంట కుర్రోడు:

అక్కా, నూనె మంచిదే. అమ్మ నిజంగానే కరివేపాకు, మందారాలు వేసి కాచింది, కల్తీ లేదు. నవ్వుకున్నాం, ఒక్కసారే.

రెండు జడలు:

నూనె మంచిదే అన్నా. నేను అడిగింది నూనె గురించి కాదు.

సోడాబుడ్డి చెల్లెలు:

అందరూ ఈయన్నే వాయిస్తున్నారు, ఆడపెళ్లివాళ్లు ఏమన్నా తక్కువా. మా అక్కకు మైనస్ ఆరు పవరు. చూపులనాడు మా పెద్దమ్మ కళ్లజోడు లాక్కుని బీరువాలో పెట్టేసింది. అక్క కాఫీ ట్రే పట్టుకుని గోడ ఆనవాలు పట్టుకుంటా వచ్చి, నీలం చొక్కా ఆయనే పెళ్లికొడుకని సిగ్గుపడి ఆయనకు ఇచ్చింది. ఆయన డ్రైవరు. పాపం ఆయన లేచి నిలబడి కాఫీ తీసుకున్నాడు. పెళ్లికొడుకు పక్కకు తిరిగి నవ్వుకున్నాడంట, ఆ నవ్వు కూడా అక్కకు కనబడలేదు. సంబంధం మాత్రం కుదిరింది, ఇద్దరు పిల్లలు. బావ ఇప్పటికీ నీలం చొక్కా వేసుకుంటే అక్కకు కోపం. కాబట్టి కుర్రోడన్నా, కొంపలు మునిగిపోవు, చెప్పేయ్.

మామిడితోట (చిత్తూరు):

మాది చిత్తూరు పక్కన పల్లె, తోతాపురి తోట ఉంది. నీ కత చదివితే నాకు జుట్టు కాదు, ఒక దళారి గుర్తొచ్చాడు, అది చెప్తా విను. మా తోతాపురి కాయ ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. జూన్, జూలైలో కోసిన కాయ కోసినట్టు పోవాలి, ట్రాక్టర్‌లో రెండు రోజులు నిలబడితే సగం విలువ పోతుంది, అందుకే మధ్యలో ఉండేవాడి మాట మీదే మా బతుకు. మా ఊరికి ఇద్దరు వచ్చేవాళ్లు. ఒకడు తెల్లగా, ఎత్తుగా, ఇస్త్రీ చొక్కా, నవ్వితే పెళ్లికొడుకు మాదిరి ఉంటాడు. వాకిట్లోకి వస్తూనే "అవ్వా, మోకాలు ఎట్టుంది" అని మా అత్తను పలకరిస్తాడు. ఇంకొకాయన పొట్టి, అమ్మోరు పోసిన ముఖం, కంట్లోకి చూసి మాట్లాడడు, గొణుగుతాడు. మా ఆయన ఆయన్ను చూసిన రోజే "వీడు దొంగ మాదిరి ఉన్నాడే" అన్నాడు. కాయ ఎవరికి వేశామో వేరే చెప్పాలా.

మూడేళ్లు వేశాం. ప్రతిసారీ ఏదో ఒక చిన్న మాట. "కాయ మచ్చ పడిందక్కా, తరుగు రోంత ఎక్కువ వేసినారు." "లెక్క మంగళవారం వస్తుందక్కా." అన్నీ నమ్మదగ్గ మాటలే, పెద్ద అబద్ధం ఒక్కటీ ఆడలేదు. మూడో ఏడు మా అబ్బోడు ఊరికే ఉండక దోవలో వేబ్రిడ్జి మీద ముందే తూకం వేయించి చీటీ దాచాడు. ఆయన తెచ్చిన లెక్కకూ చీటీకీ ఒక్క లోడులోనే 3 క్వింటాళ్లు తేడా. "కాణిపాకం పోదాం రా నైనా, వినాయకుడి ముందర ప్రమాణం చేద్దువు" అన్నా. వాడు ఏమన్నాడో తెలుసా, నవ్వి "వస్తాలే అక్కా, ఈ సీజన్ అయిపోనీ" అన్నాడు. ఆ నవ్వుకు మా అత్త ఇంకా కరిగిపోయి "పాపం పిల్లోడు, పనులున్నాయేమో" అంది! ఇప్పుడు కాయ ఆ పొట్టాయనకే వేస్తున్నాం. డబ్బు చెప్పిన రోజుకు వస్తుంది, పలకరింపు మాత్రం ఇప్పటికీ లేదు.

ఎందుకు చెప్పానంటే, ప్యాచ్ పెట్టుకున్నాక నీ మాటకు విలువ పెరిగిందని నువ్వే రాశావు, టీకొట్టాయన, బ్యాంకామె, మీ ఓనరు. ఆ పిల్ల నూనె మాట నమ్మింది కూడా ఆ పెరిగిన విలువతోనే. అదే మాట బట్టతలతో చెప్పుంటే పడీపడీ నవ్వేది. నీకు జుట్టు చేసిన మేలంతా ఒక పక్కా, దాని చేత నువ్వు ఆడించిన అబద్ధం ఒక పక్కా.

స్వామి ఎరుకలసాని వేషం అన్నావు కదా. వేషం వేసింది నిజమే, ఆ వేషంలో ధరణీదేవికి చెప్పిన సోది మాత్రం నిజమే కదా. పైగా పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు ఎవరి దగ్గరా దాచలేదు, ఈరోజుకీ హుండీలో వడ్డీ మనమే కడుతున్నాం. మీ ఫ్రెండుకు కత సగమే తెలుసు.

వెనక బెంచీ సైకాలజీ:

ఇక్కడ ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ పీజీ చేస్తున్నా, పరీక్షలు దగ్గర కాబట్టి ఇవన్నీ బుర్రలో ఉన్నాయి. చిత్తూరు అక్క చెప్పినదానికి మా సిలబస్‌లో పేరు హేలో ఎఫెక్ట్. 1920లో థార్న్‌డైక్ అనే అమెరికా సైకాలజిస్టు, సైన్యంలో అధికారులు తమ కింది సైనికులకు వేసిన మార్కులు తీసి చూశాడు. ఒడ్డూపొడుగూ, తెలివి, నాయకత్వం, నడత, అన్నీ వేరువేరుగా వేయమంటే, ఒడ్డూపొడుగూ బాగున్నవాడికి మిగతావి కూడా బాగానే వేసుకుంటూ పోయారు. మా అక్క మామిడి కాయలతో తెలుసుకుంది, ఆయన మార్కుల పట్టికలతో తెలుసుకున్నాడు, అంతే.

కుర్రోడన్నకు పనికొచ్చేది ఇంకోటి ఉంది. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో న్యూయార్క్‌లో డేటింగ్ సైట్లు వాడే 80 మందిని పిలిచి, ఎత్తు కొలిచి, తూకం వేసి, లైసెన్సులో వయసు చూసి, వాళ్ల ప్రొఫైల్‌తో పోల్చారు. పదిమందిలో ఎనిమిది మంది ఎత్తు, బరువు, వయసు మూడింట్లో కనీసం ఒకటి మార్చి రాశారు. కానీ మార్చింది చాలావరకు కొంచెమే, ఎదురుపడితే కంటికి ఆననంత. ఎదురుపడబోతున్నాం కదా అని ఒక హద్దులో ఉన్నారన్నమాట. మీరు ఆ హద్దు దాటింది నెత్తి మీద కాదు, నూనెలో అని నాకూ అనిపిస్తోంది. అబద్ధాలు ఎంతమంది ఆడతారంటారా, 1996లో బెల్లా డిపాలో బృందం వారం పాటు డైరీలు రాయిస్తే కాలేజీ పిల్లలు రోజుకు రెండు, మామూలు జనం రోజుకు ఒకటి చొప్పున రాసుకున్నారు. నేనూ ఒక వారం రాద్దామని మొదలుపెట్టి మూడో రోజు ఆపేశా, మా అమ్మ ఫోన్ చేసిన రోజు పేజీ చాల్లేదు.

లీలామహల్ సెంటర్:

నా ఐడియా వెనక్కి తీసుకుంటున్నా. నల్లటి నీడ పాయింట్ నాకు తట్టలేదు.

కొర్లగుంట కుర్రోడు:

రెండు వారాల తర్వాత రాస్తున్నా, అడిగినవాళ్లందరికీ థ్యాంక్స్. చెప్పేశాను.

ఫోన్లో కాదు, చంద్రగిరి కోట దగ్గరికి రమ్మన్నా. ముందురోజు కత్తెర మామ చెప్పిన మాట మీదే ప్యాచ్ తీయించి, పక్కల జుట్టు కూడా పొట్టిగా కత్తిరించుకుని, టోపీ పెట్టుకుని పోయా. మ్యూజియం ముందు చెట్టు కింద కూర్చున్నాక టోపీ తీసి "ఇదీ సంగతి" అన్నా. తను రెండు సెకన్లు చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా నాయనకూ ఇంతే కదా, ఇంట్లో అలవాటే" అంది. నాకు గుండె మీద నుంచి బండ దిగినట్టయింది, ఆ ఊపులో నవ్వుతానే "నూనె కూడా ఉత్తుత్తిదే" అనేశా.

నవ్వు ఆగిపోయింది. "మీ అమ్మగారికి కూడా తెలుసా?" అని ఒక్కటే అడిగింది. తెలుసన్నా. స్కూల్లో నలుగురు టీచర్లకు ఆ నూనె చిన్న చిన్న డబ్బాల్లో పోసి పంచిందంట, ఇంకొకామె డబ్బులిస్తా తెప్పించమని అడిగిందంట. "రేపు వాళ్లకు ఏం చెప్పాలి నేను" అని స్కూటీ తీసుకుని వెళ్లిపోయింది. నాలుగు రోజులు ఫోన్ లేదు. రెండు జడల అక్కా, ఆ నాలుగు రోజులూ మీ మాటలే చదువుకుంటా కూర్చున్నా.

ఐదో రోజు మెసేజ్ వచ్చింది. గుండు గురించి వాళ్ల నాయనకు తనే చెప్పిందంట, ఆయన "తలపాగా కడితే ఎవురికి తెలుస్తుంది, మొక్కుకు ఆ చుట్టూ ఉండేది ఇచ్చినా చాలు" అన్నాడంట. మంచి మనిషి. తర్వాత కింద ఇంకో లైను, "మీరు పంపిన సీసాలు మాత్రం మీ అమ్మగారే వచ్చి తీసుకెళ్లాలి."

అమ్మకు చూపించా. సచ్చినా పోను అంది. "నువ్వు ఆడిన అబద్ధానికి నేను పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడి కాచినా, ఇప్పుడు నేనే పోయి తల దించుకోవాల్నా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందులో న్యాయం ఉంది, కాదనలేను.

ఇది రాస్తుంటే వంటింట్లో నుంచి కరివేపాకు వాసన వస్తోంది. పోయి చూస్తే పెద్ద గిన్నెలో నూనె కాగుతోంది, పక్కన మందారాలు. ఎందుకమ్మా అంటే "ఖాళీ చేతుల్తో ఎట్టా పోయేది" అంటోంది. ఇప్పుడు ఆపాలా వద్దా, ఎవరైనా తొందరగా చెప్పండి, ఎనిమిదిన్నర బస్సుకంట.